చెక్కగరిటె నుంచి శ్వాస మీద ధ్యాస దాకా: కేంబ్రిడ్జ్ పరీక్షల కథ

విశ్వవిద్యాలయ విద్యార్థుల మానసిక ఒత్తిడి సెల్‌ఫోన్లతోను, ఉద్యోగాల పోటీతోను పుట్టిన కొత్త జబ్బని, దానికి మందుగా ఇప్పుడు చెబుతున్న మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని మంచిచెడ్డల తీర్పు లేకుండా గమనించే సాధన, ఆ జబ్బు కోసమే కనిపెట్టిన కొత్త చికిత్స అని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ చరిత్ర చూస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలబడవు. చదువు వల్ల మనిషి చితికిపోవడం అక్కడ 19వ శతాబ్దిలోనే అందరూ ఎరిగిన విషయం. దానికి ప్రతి తరమూ తనకు తోచిన విరుగుడు వెదుక్కుంది. ఆ విరుగుళ్లలో అత్యధికం పరీక్ష జోలికి పోకుండా పరీక్ష రాసే మనిషిని మాత్రమే సరిచేయడానికి పూనుకున్నవి కావడం ఈ చరిత్రలో గమనించదగిన అంశం. పరీక్షనే సరిదిద్దిన సందర్భం ప్రధానంగా ఒక్కటే కనిపిస్తుంది.

కేంబ్రిడ్జ్‌లో పూర్వం పరీక్ష అంటే నోటిమాట. పట్టా కోరే విద్యార్థి ఒక ప్రతిపాదనను నిలబెట్టాలి, తోటివారు దాన్ని ఖండించాలి, మోడరేటరు అనే మధ్యవర్తి ఇద్దరి సామర్థ్యాన్నీ తూచి చెప్పాలి. ఇదంతా లాటిన్‌లో సాగేది. మన శాస్త్రసభల్లో పూర్వపక్షం, సిద్ధాంతం నడిచిన తీరు తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. అప్పటి మాటలు ఇప్పటికీ అక్కడి పరీక్షలకు అంటుకునే ఉన్నాయి. గణితంలో మొదటి శ్రేణి వారిని రాంగ్లర్లు అంటారు, అంటే వాదులాడేవారు. రెండో, మూడో శ్రేణుల వారికి ‘చాలా బాగా వాదించావు’ అనే లాటిన్ మెచ్చుకోలు నుంచి సీనియర్ ఆప్టిమె, జూనియర్ ఆప్టిమె అనే పేర్లు వచ్చాయి. ఆనర్సు పరీక్షకు స్థిరపడిన ట్రైపాస్ అనే పేరు, వాదసభలో ఒక పట్టభద్రుడు కూర్చునే మూడుకాళ్ల పీట నుంచి పుట్టింది. 1730 నాటికి పూర్తయిన సెనేట్ హౌస్ అనే సభాభవనంలో 18వ శతాబ్ది గడిచేకొద్దీ నోటి పరీక్ష స్థానాన్ని కలం, కాగితం ఆక్రమించాయి. 19వ శతాబ్ది తొలి దశకాల్లో వాదసభ నామమాత్రంగా మిగిలి, ఆ తరువాత అంతరించింది.

ఈ మార్పు పైకి సాంకేతికమైనదిగా కనిపించినా విద్యార్థి మనసు మీద దాని ప్రభావం లోతైనది. వాదసభలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రశ్న, ఒక్కొక్క ప్రత్యర్థి. ఒకడు బాగా మాట్లాడాడని చెప్పవచ్చు గాని మరొకడికన్నా ఇన్ని పాళ్లు ఎక్కువని కొలిచి చెప్పడం కష్టం. రాతపరీక్షలో అందరికీ అవే ప్రశ్నలు, అదే గడియారం, అదే గది కావడంతో ఇద్దరు మనుషుల మధ్య తేడా అంకెగా మారింది. అంకె ఉన్నచోట వరుసక్రమం తప్పదు. 18వ శతాబ్ది నడుమ నుంచి గణిత ట్రైపాస్ ఫలితాలను మొదటివాడి నుంచి చివరివాడి దాకా ప్రతిభాక్రమంలో అచ్చువేయడం మొదలైంది. తెలివిని వాదనలో చూపించడం కన్నా వేగంగా, తప్పులేకుండా కాగితం మీద దింపడం ముఖ్యమైపోయింది. సమాధానం తెలిసి ఉండడం ఒక సంగతి, పక్కవాడికన్నా ముందుగా రాసి ముగించడం ఇంకో సంగతి. పరీక్ష రెండోదాన్ని కొలిచింది.

ఫలితాల ప్రకటన ఒక జాతరలా సాగేది. ఎదురుగా ఉన్న గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చి గడియారం తొమ్మిది కొట్టగానే సెనేట్ హౌస్ పైఅంతస్తు వసారా నుంచి పేర్లు చదివేవారు, ఆపైన అచ్చువేసిన జాబితాలను కిందనున్న గుంపు మీదికి విసిరేవారు. మొదటివాడు సీనియర్ రాంగ్లర్. అతడి పేరు పత్రికల్లో వచ్చేది, సొంతఊళ్లో సంబరాలు జరిగేవి. ఆనర్సు జాబితాలో చిట్టచివరివాడికి దక్కేది చెక్కగరిటె. పట్టా పుచ్చుకోవడానికి అతడు మోకాళ్ల మీద వంగినప్పుడు తోటి విద్యార్థులు వసారా నుంచి తాడు కట్టి ఒక పెద్ద గరిటెను అతడి ముందుకు దించేవారు. మొదట్లో వంటింటి గరిటె అంతే ఉన్నది పోనుపోను పెరిగి మనిషి ఎత్తుకు దగ్గరగా వచ్చింది. 1909లో చివరి గరిటెను అందుకున్న సెయింట్ జాన్స్ కళాశాల విద్యార్థి కుత్‌బర్ట్ లెంప్రియర్ హోల్ట్‌హౌస్ పడవ పందేల మనిషి కనుక దాన్ని తెడ్డుతోనే తయారుచేశారు. ఇందులో వేళాకోళమే తప్ప కసి లేదని అప్పటివారు అనుకునేవారు. ఆ గరిటె అందుకున్నవాడు ఎందరినో వెనక్కి నెట్టి ఆనర్సు సాధించినవాడే అన్న సంగతి మాత్రం ఆ నవ్వుల్లో కొట్టుకుపోయేది.

పరీక్ష బరువు ఎంతటిదో 1854 నాటి గణిత ట్రైపాస్ చెబుతుంది. 8 రోజుల్లో 16 ప్రశ్నపత్రాలు, మొత్తం 44 గంటల 30 నిమిషాలు, 211 ప్రశ్నలు. పైగా అది నడి చలికాలమైన జనవరి నెల. ఆ ఏడు పరీక్షకు కూర్చున్న, తరువాత భౌతికశాస్త్రవేత్తగా పేరుపొందిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్‌కు అతడి తండ్రి రాసిన ఉత్తరంలో గణితం గురించిన హితవు కాదు, చేతి మణికట్లకు ఉన్ని తొడుగులు కొనుక్కోమని, కాళ్లకు చుట్టుకోవడానికి కంబళి వెంట తీసుకుపొమ్మని జాగ్రత్తలు ఉన్నాయి. స్కాట్లండు చలి ఎరిగిన తండ్రి సైతం సెనేట్ హౌస్ చలికి భయపడ్డాడన్నమాట.

ఇంత బరువైన పరీక్షకు కళాశాల ఉపన్యాసాలు చాలవని త్వరలోనే తేలిపోయింది. విద్యార్థులు సొంత డబ్బుతో ప్రైవేటు శిక్షకులను ఆశ్రయించారు. వారిని కోచ్ అనడం, వారి పనిని కోచింగ్ అనడం ఆ రోజుల్లో ఇంగ్లండు విద్యార్థుల వాడుకలోంచి వచ్చిన మాటలే. గుర్రపుబండి మనిషిని గమ్యం చేర్చినట్టు ఈ శిక్షకుడు విద్యార్థిని పరీక్ష దాటిస్తాడని ఆ మాటలోని చమత్కారం. విలియం హాప్కిన్స్ అనే కోచ్ 1849 నాటికే 17 మంది సీనియర్ రాంగ్లర్లను తయారుచేసి, సీనియర్ రాంగ్లర్లను తయారుచేసేవాడనే పేరుతోనే ప్రసిద్ధుడయ్యాడు. అతడి శిష్యుడు, 1854 పరీక్షలో మాక్స్‌వెల్‌ను రెండో స్థానానికి నెట్టి మొదటివాడిగా నిలిచిన ఎడ్వర్డ్ రౌత్, ఆ తరువాతి మూడు దశాబ్దాల్లో గురువును మించిపోయి 20 మందికి పైగా సీనియర్ రాంగ్లర్లను అందించాడు. తెలివైనవారిని ముందే ఏరి చిన్న తరగతులుగా చేయడం, గడియారం పెట్టి పాత ప్రశ్నలు చేయించడం, మార్కుల వరుసను అందరికీ కనిపించేలా పెట్టడం ఈ కోచ్‌ల పద్ధతి. విజయవాడ, హైదరాబాదు కోచింగ్ కళాశాలల నడవడి ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇందులో అపరిచితమైనది చలి ఒక్కటే.

ఇలాంటి వ్యవస్థలో నలిగినవారి గురించి ఆధారాలు పుష్కలంగా ఉన్నాయి. చార్లెస్ డార్విన్‌కు బంధువు, 1840లో ట్రినిటీ కళాశాలలో చేరిన ఫ్రాన్సిస్ గాల్టన్, రాత్రివేళ నిద్ర ముంచుకురాకుండా తానే ఒక యంత్రాన్ని కల్పించాడు. మనిషికన్నా ఎత్తయిన చట్రం మీద పెద్ద గరాటు, దాని అడుగున నీటిధారను సన్నగా, లావుగా తిప్పుకునే కుళాయి, కింద కూర్చుని చదివే విద్యార్థి తలకు చుట్టిన గుడ్డ మీద బొట్లుబొట్లుగా నీళ్లు. పావుగంటకోసారి గరాటు నింపడం గది నౌకరు పని. ఈ పరికరానికి గాల్టన్ పెట్టిన సరదా పేరుకు ‘చేవ తిరిగి తెచ్చేది’ అని అర్థం చెప్పుకోవచ్చు. చేవ మాత్రం తిరిగి రాలేదు. మూడో ఏట అతడి ఆరోగ్యం దెబ్బతిన్నది. వృద్ధాప్యంలో రాసుకున్న జ్ఞాపకాల్లో, అప్పట్లో తలలో మర తిరుగుతున్నట్టు ఉండేదని, వద్దన్న ఆలోచనలు వదిలేవి కావని, అచ్చుపుట వైపు చూడడమే బాధగా ఉండేదని చెప్పుకున్నాడు. ఆనర్సు ఆశ వదులుకుని 1844లో సాధారణ పట్టాతో బయటపడ్డాడు.

అంత దెబ్బ తిన్నవాడు ఆ పరీక్షను అనుమానిస్తాడని ఎవరైనా అనుకుంటారు. గాల్టన్ అనుమానించలేదు. 1869లో వెలువరించిన వంశపారంపర్య ప్రతిభ గురించిన గ్రంథంలో మనుషుల తెలివి పుట్టుకతోనే ఎంత ఎక్కువతక్కువగా ఉంటుందో నిరూపించడానికి అతడు ఎత్తుకున్న సాక్ష్యం ఈ ట్రైపాస్ మార్కులే. మొత్తం 17,000 మార్కులకు సీనియర్ రాంగ్లర్‌కు 7,634, రెండోవాడికి 4,123, ఆనర్సులో అట్టడుగువాడికి 237 వచ్చాయని చూపి, ఈ దూరాలు పుట్టుకవేనన్నాడు. కోచ్ ఎవరు, నిద్ర ఎన్ని గంటలు, పరీక్షనాటికి ఒళ్లు ఎలా ఉంది అనే ప్రశ్నలు ఆ లెక్కలోకి రాలేదు. తన్ను విరగ్గొట్టిన తూనికరాయినే అతడు ప్రమాణంగా స్వీకరించాడు. ఆ కాలపు మనస్తత్వానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తు లేదు.

మాక్స్‌వెల్ తీరు వేరు. అతడు తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నాడు. సాయంత్రం 5 నుంచి 9:30 దాకా నిద్ర, 10 నుంచి 2 దాకా చదువు, 2 నుంచి 2:30 దాకా కళాశాల నడవాల్లో, మెట్ల మీద పైకీ కిందికీ పరుగు, మళ్లీ 7 దాకా నిద్ర: ఇదీ కొంతకాలం అతడి దినచర్య. దారి పొడవునా గదుల్లో నిద్రపోతున్నవారు తలుపు వెనక కాచుకుని బూట్లు, దువ్వెనబ్రష్షులు అతడి మీదికి విసిరేదాకా ఈ పరుగు సాగిందని ఒక తోటి విద్యార్థి గుర్తుచేసుకున్నాడు. 1853 వేసవిలో కళాశాల పరీక్షలు ముగించి సఫక్ ప్రాంతంలోని ఒక మతగురువు ఇంటికి వెళ్లినప్పుడు మాక్స్‌వెల్ జబ్బుపడి దాదాపు నెలరోజులు అక్కడే ఉండిపోయాడు. అతి చదువు మెదడుకు జ్వరం తెచ్చిందని అప్పటివారు అన్నారు. ఆ ఇంటివారి ఆదరణ అతడు జీవితాంతం తలచుకున్నాడు.

ఈ జబ్బుకు 19వ శతాబ్ది కేంబ్రిడ్జ్ కనిపెట్టిన విరుగుడు శరీరశ్రమ. మధ్యాహ్నం 2 దాటాక పుస్తకం మూసి ఇద్దరు ముగ్గురు కలిసి గ్రాంట్‌చెస్టర్, ట్రంపింగ్‌టన్ వంటి పొరుగు ఊళ్ల దాకా వడివడిగా నడిచి రావడం గట్టిగా చదివే ప్రతి విద్యార్థికీ నిత్యకృత్యమైంది. దేహతత్త్వానికి మేలు చేసేదనే అర్థంలో దాన్ని కాన్‌స్టిట్యూషనల్ అనేవారు. 1829లో ఆక్స్‌ఫర్డ్‌తో మొదలైన పడవ పందెం, ఆపైన క్రికెట్, పరుగు పందేలు ఇదే దారిలో పెరిగాయి. మాక్స్‌వెల్ రెండోవాడిగా వచ్చిన 1854 జాబితాలో 20వ రాంగ్లర్ అయిన లెస్లీ స్టీఫెన్, అంటే నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్ తండ్రి, తరువాత తన కళాశాల పడవల జట్టుకు శిక్షకుడై ఒడ్డు వెంట పరుగెడుతూ కేకలు వేసేవాడు. ఆటలు చదువుకు ఆటంకమని కాక, చదువును తట్టుకోవడానికి కావలసిన కవచమని అక్కడ భావించారన్న చరిత్రకారుడు ఆండ్రూ వార్విక్ వాదనలో చాలా నిజం ఉంది. అయితే తట్టుకునే శక్తి పెరిగేకొద్దీ మోసే బరువు కూడా పెరిగింది. మధ్యాహ్నం నడిచి వచ్చినవాడు రాత్రి ఇంకో గంట ఎక్కువ చదవగలిగాడు. విరుగుడు వ్యవస్థలో భాగమైపోయే ఈ తీరు తరువాత మరోసారి కనిపిస్తుంది.

స్త్రీలు విశ్వవిద్యాలయ ద్వారం దగ్గరికి వచ్చేసరికి ఇదే చర్చ తలకిందులైంది. మగవాడు చదివి జబ్బుపడితే అది త్యాగం. ఆడది చదివి జబ్బుపడుతుందేమో అన్న ఊహే ఆమెను ఆపడానికి కారణం. మానసిక వైద్యుడు హెన్రీ మాడ్‌స్లీ 1874లో పరీక్షల పోటీ స్త్రీ శరీరాన్ని శాశ్వతంగా దెబ్బతీస్తుందని రాశాడు. కేంబ్రిడ్జ్‌లోని న్యూనం మహిళా కళాశాలకు చెందిన ఎలినర్ సిడ్జ్‌విక్ 1890లో దీనికి వాదనతో కాక లెక్కలతో జవాబిచ్చింది. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్‌లలో చదివిన స్త్రీల ఆరోగ్య వివరాలను, చదువుకు వెళ్లని వారి అక్కచెల్లెళ్ల ఆరోగ్య వివరాలతో పక్కపక్కన పెట్టి, చదువు వల్ల ఆరోగ్యం పాడైందనడానికి ఆధారం లేదని తేల్చింది. ఒకే ఇంట్లో పుట్టి ఒకే తిండి తిని పెరిగిన అక్కచెల్లెళ్లను పోలికకు ఎంచుకోవడం ఆ అధ్యయనంలోని మేలైన ఆలోచన. అదే ఏడాది న్యూనం విద్యార్థిని ఫిలిప్పా ఫాసెట్ గణిత ట్రైపాస్‌లో సీనియర్ రాంగ్లర్‌కు పైస్థానంలో నిలిచింది. స్త్రీలకు వరుస సంఖ్య లేదు కనుక ఆమెను సీనియర్ రాంగ్లర్ అనలేదు. పట్టా కూడా ఇవ్వలేదు. కేంబ్రిడ్జ్ స్త్రీలకు పట్టాలు ఇచ్చింది 1948లో.

పరీక్ష మీదికే చెయ్యి వెళ్లినది 1909లో. ఆ ఏడాదితో ప్రతిభాక్రమ జాబితాకు స్వస్తి చెప్పి, తరువాతి ఏటి నుంచి ఒక్కో శ్రేణిలోని పేర్లను అక్షరక్రమంలో ప్రకటించారు. సీనియర్ రాంగ్లర్, చెక్కగరిటె ఒకేసారి అంతరించాయి. ఈ సంస్కరణను కోరినవారిలో ముఖ్యుడైన జి.హెచ్.హార్డీ 1898లో నాలుగో రాంగ్లర్. విద్యార్థుల ఆరోగ్యం కన్నా గణితం ఆరోగ్యమే అతడికి పట్టింది: ఐరోపాలో గణితం కొత్త దారులు తొక్కుతుంటే కేంబ్రిడ్జ్ కుర్రవాళ్లు పరీక్ష చిక్కుముళ్లు విప్పే విద్యలో మునిగిపోయారని అతడి ఆక్షేపణ. కారణం ఏదైనా ఫలితం విద్యార్థికి మేలే చేసింది. వరుస లేకపోతే వరుసలో ఒక మెట్టు జారుతామన్న భయమూ లేదు. ఒక మెట్టు కోసం కోచ్ దగ్గర గడిపే ఏళ్లూ తగ్గుతాయి. మరాఠా ప్రాంతం నుంచి వెళ్లిన ఆర్.పి.పరాంజపే 1899లో మరొకరితో సమానంగా సీనియర్ రాంగ్లర్ అయినప్పుడు భారతదేశం పొంగిపోయింది. పదేళ్లు తిరిగేసరికి ఆ బిరుదే లేకుండా పోయింది.

ఇంగ్లండులో వరుసక్రమం సడలుతున్న కాలంలోనే ఇండియాలో పరీక్ష గట్టిగా పాతుకుపోయింది. 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదటి అర్ధశతాబ్దం ప్రధానంగా పరీక్షలు నిర్వహించి పట్టాలిచ్చే కార్యాలయమే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల విద్యార్థుల భవితవ్యం ఆ పరీక్షల చేతుల్లోనే ఉండేది. ఈ వ్యవస్థ చేతిలో దెబ్బతిన్నవారిలో లోకప్రసిద్ధుడు శ్రీనివాస రామానుజన్. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో గణితం తప్ప మిగిలిన పాఠాలు వదిలేసి ఉపకారవేతనం పోగొట్టుకున్న ఆ కుర్రవాడు, 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి వెళ్లిపోయిన ఊరు విశాఖపట్నం. తరువాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాల నుంచి ఎఫ్.ఏ., అంటే నేటి ఇంటర్మీడియట్‌కు సమానమైన పరీక్ష, రాసి తప్పాడు. మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. 1914లో అతణ్ని కేంబ్రిడ్జ్‌కు రప్పించినవాడు ఆ హార్డీయే. ట్రైపాస్ రాయకుండానే పరిశోధన ఆధారంగా 1916లో రామానుజన్‌కు కేంబ్రిడ్జ్ పట్టా దక్కింది.

ఈ కథలో ఇంతవరకూ ఒత్తిడి అనే మాట పాత్రలెవరి నోటా రాలేదు. అతిశ్రమ, మెదడు జ్వరం, తలలో మర: ఇవే వారి పదాలు. ఇంగ్లీషులో స్ట్రెస్ అనేది అప్పట్లో లోహాల మీద, దూలాల మీద పడే బలాన్ని కొలిచే భౌతికశాస్త్ర పదం. విద్యుదయస్కాంత క్షేత్రంలో అలాంటి బలాన్ని వర్ణించే గణిత రూపానికి మాక్స్‌వెల్ పేరే ఉండడం చమత్కారం. 1936 తరువాత హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త పరిశోధనలతో ఆ పదం ప్రాణుల శరీరానికి, ఆపైన మనసుకు వర్తించింది. తెలుగులో ఒత్తిడి అనేది ఆ అర్థంలో ఇంకా ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు చదివి చదివి తల చెడిందనేవారు, బుర్ర వేడెక్కిందనేవారు.

మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట చరిత్ర ఇంకా దూరం పోతుంది. సిలోన్‌లో ఉద్యోగం చేస్తూ పాలీ నేర్చుకున్న టి.డబ్ల్యు.రీస్ డేవిడ్స్ 1881లో వెలువరించిన బౌద్ధ సూత్రాల అనువాదంలో సతి అనే పాలీ పదానికి ఈ ఇంగ్లీషు మాటను వాడాడు. సతి సంస్కృతంలో స్మృతి. స్మృతి అంటే జ్ఞాపకం. బౌద్ధ భిక్షువులకు అది నిన్నటి సంగతి తలచుకోవడం కాదు, చేస్తున్న పనిని మరవకుండా ఉండడం. నడుస్తుంటే నడుస్తున్నానని, ఊపిరి తీస్తుంటే తీస్తున్నానని ఎరిగి ఉండడం. తెలుగులో ‘ఏమరకుండుట’ అన్నమాట దీనికి ఇంగ్లీషు పదం కన్నా దగ్గరగా ఉంటుంది. శ్వాసను ఆలంబనగా పెట్టుకునే ఆనాపానసతి సాధనను అంగాంగంగా విడమరచిన విశుద్ధిమగ్గ గ్రంథాన్ని 5వ శతాబ్దిలో సిలోన్‌లోని అనురాధపురంలో కూర్చిన బుద్ధఘోషుడు ఆంధ్రదేశం వాడని కొందరు పండితుల అభిప్రాయం. ఆ గ్రంథం చివర కనిపించే ఊరిపేరును వారు గుంటూరు ప్రాంతపు గ్రామాలతో ముడిపెట్టారు. అది తేలినా తేలకపోయినా, నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారం గురించి ఇక్ష్వాకుల కాలపు శాసనమే చెబుతోంది కనుక రెండు తీరాల మధ్య రాకపోకల్లో సందేహం లేదు.

శతాబ్దాలపాటు ఆరామాల్లో ఉండిపోయిన ఈ సాధన గృహస్థుల చేతికి వచ్చింది బర్మాలో. బ్రిటిషు పాలనలో ధర్మం క్షీణిస్తుందన్న భయంతో లెడీ సయాడా వంటి ఆచార్యులు మామూలు జనానికి ధ్యానం నేర్పడం మొదలుపెట్టారు. ఆ పరంపరలోని వాడే 1969లో బర్మా నుంచి వచ్చి ఇండియాలో విపశ్యన శిబిరాలు నడిపిన ఎస్.ఎన్.గోయెంకా. అమెరికాలో బౌద్ధ ధ్యానం అభ్యసించిన జాన్ కబాట్-జిన్, జీవశాస్త్ర పరిశోధకుడు, 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో మొండి నొప్పులతో బాధపడే రోగుల కోసం కొన్ని వారాల శిక్షణ ప్రారంభించి, అందులోంచి బుద్ధుణ్ని, నిర్వాణాన్ని, దైవభక్తిని పక్కకు తీసిపెట్టాడు. అక్కడ ఎండుద్రాక్షను అరచేతిలో పెట్టుకుని, ముడతలు చూసి, వాసన పీల్చి, నిదానంగా నమలడం తొలి పాఠం. కుంగుబాటు ఒకసారి తగ్గి మళ్లీ తిరగబెట్టే రోగుల కోసం ఈ పద్ధతిని మలచిన ముగ్గురు మనస్తత్వవేత్తల్లో జాన్ టీస్‌డేల్ కేంబ్రిడ్జ్‌లోని వైద్య పరిశోధన మండలి కేంద్రంలో పనిచేసినవాడు. ఆ విధంగా భిక్షువుల సాధన సెనేట్ హౌస్ ఉన్న ఊరికే చేరింది.

2015లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం తన విద్యార్థులకు 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ తరగతులు ఏర్పాటుచేసి, అవి నిజంగా పనిచేస్తాయో లేదో పరిశోధకుల చేత పరీక్ష చేయించింది. 2015 సెప్టెంబరు నుంచి 2016 జనవరి దాకా 616 మంది విద్యార్థులను చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి, 309 మందికి మామూలు సహాయంతో పాటు ఈ తరగతులు, 307 మందికి మామూలు సహాయం మాత్రమే ఇచ్చారు. ఎవరు ఏ గుంపులో పడాలో వారి ఇష్టానికి వదలకపోవడం ఇలాంటి అధ్యయనాలకు ప్రాణం. సిడ్జ్‌విక్ అక్కచెల్లెళ్ల పోలికతో అందుకోవాలని చూసిన న్యాయం ఇదే. తీర్పుకు ఎంచుకున్న సమయం పరీక్షల కాలం. అప్పుడు ప్రశ్నావళికి జవాబిచ్చినవారిలో, వైద్యులు ఆందోళన చెందవలసిన గీతగా పెట్టుకున్న స్థాయిని దాటిన మనోవేదన మామూలు గుంపులో 57 శాతానికి, తరగతులు దక్కిన గుంపులో 37 శాతానికి కనిపించింది. ఆరుగురికి ఈ తరగతులు అందిస్తే ఒకరిని ఆ గీత దాటకుండా ఆపవచ్చని 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో అచ్చయిన వ్యాసం లెక్కగట్టింది.

ఈ ఫలితం చిన్నది కాదు. అయితే ఆ వ్యాసంలోనే మరికొన్ని అంకెలున్నాయి. తరగతులు దక్కినవారిలో కనీసం సగం తరగతులకు హాజరైనవారు 59 శాతమే. పరీక్షల కాలంలో ప్రశ్నావళి నింపినవారు మొత్తంలో 74 శాతం. మార్కులు పెరిగాయా అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు దొరకలేదు. పైగా పోల్చిన గుంపు మామూలు సహాయం మాత్రమే అందిన గుంపే గాని, అన్ని వారాలపాటు కలిసి నడకకు వెళ్లిన గుంపు కాదు. కనుక శ్వాస మీది ధ్యాస గాల్టన్ కాలపు కాన్‌స్టిట్యూషనల్ కన్నా మేలైనదని ఈ అధ్యయనం చెప్పలేదు, చెప్పడానికి ప్రయత్నించనూ లేదు. బడిపిల్లల విషయంలో సంగతి ఇంకా వేరుగా తేలింది: బ్రిటన్‌లోని 85 బడుల్లో 8,000 మందికి పైగా పిల్లల మీద జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చినప్పుడు, మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు బడిలో మామూలుగా జరిగే జీవన నైపుణ్యాల బోధన కన్నా ఎక్కువ మేలు చేసినట్టు కనిపించలేదు. కోరి వచ్చిన పెద్దవాడికి పనికివచ్చినది, టైంటేబుల్లో పెట్టి అందరి మీదా రుద్దితే పనికిరాకపోవచ్చు. విశుద్ధిమగ్గం సైతం మనిషి స్వభావాన్ని బట్టి ధ్యాన విషయాన్ని ఎంచమంటుంది. గుంపుకంతటికీ ఒకటే ఇవ్వమనదు.

కేంబ్రిడ్జ్ ఈ తరగతుల ఫలితాన్ని కొలుస్తున్న కాలంలోనే మరో వాదన నడిచింది. 1909 తరువాత వరుస సంఖ్యలు పోయినా, ఎవరికి ఏ శ్రేణి వచ్చిందో తెలిపే జాబితాలను పేర్లతో సహా సెనేట్ హౌస్ బయట బోర్డులకు అంటించే అలవాటు అప్పటికి మిగిలే ఉండేది. దారినపోయేవారు ఎవరైనా ఆగి చదువుకోగలిగేవారు. తన ఫలితాన్ని లోకానికి చూపాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టానికి వదలాలని 2015లో కొందరు విద్యార్థులు సంతకాలు సేకరించారు. జాబితాలను పూర్తిగా ఎత్తివేయాలన్న ప్రతిపాదన 2016లో విశ్వవిద్యాలయ పాలనలో ఓటుహక్కు గల అధ్యాపకుల, అధికారుల సభ ముందుకు వచ్చింది. విద్యార్థులు జరుపుకున్న ఓటింగులో ఎక్కువమంది, వద్దనుకున్నవారికి తప్పుకునే వీలుంటే చాలు, జాబితాలు ఉండనిమ్మన్నారు. సభ కూడా ఎత్తివేతను తోసిపుచ్చింది. జాబితాలు మళ్లీ బోర్డుల మీదికి ఎక్కాయి.